అడక్కుండానే భాష మార్చేసే సైట్లు: ఆపే దారుల్లో ఏది ఎవరికి పనికొస్తుంది

పోయిన వేసవిలో తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు పంపిన ఇంటి అప్పు పేజీ తెరిచాను. ‘ఆసక్తి రేటు’ ఏడాదికి ఇంత అని రాశాడు. ఎవరి ఆసక్తిరా, నాదా, బ్యాంకుదా?" పోస్టాఫీసులో ముప్పై రెండేళ్ళు వడ్డీ లెక్కలు కట్టిన మనిషి ఆయన. నేను పంపింది ఇంగ్లిష్ పేజీ లింకు. నా ల్యాప్‌టాప్‌లో అది ఇంగ్లిష్‌లోనే తెరుచుకుంటోంది. ఆయన ఫోన్‌లో అదే లింకు నొక్కితే సైటు తనంతట తాను యంత్రం అనువదించిన తెలుగు పేజీకి తీసుకుపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కినా అక్కడికే. ఆయన ఫోన్ తెలుగులో పెట్టుకున్నాడు కాబట్టి ‘ఇంటరెస్ట్’ అన్న మాట వడ్డీ కాకుండా ‘ఆసక్తి’ అయిపోయింది.

ఈ తిప్పలు తెలుగువాళ్ళకు ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఎదురవుతాయి. బెంగళూరులో ఉంటే కన్నడం, చెన్నైలో ఉంటే తమిళం, ఫోన్ కొన్నప్పుడు హిందీ కూడా ఎంచుకుని ఉంటే ఏ సైటు తెరిచినా హిందీ. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలికి జర్మన్. ఆమె చదువుకోగలిగేవి తెలుగు, ఇంగ్లిష్. సైట్లు ఆ రెండూ వదిలేసి మూడోది చేతిలో పెడతాయి. ఈ బెడదకు చిట్కాలు బోలెడు తిరుగుతుంటాయి. ‘వీపీఎన్ పెట్టుకో’ (నెట్‌ను ఇంకో దేశపు సర్వర్ గుండా తిప్పే సేవ అది) అనేవాళ్ళు కొందరు, ‘కుకీలు తుడిచెయ్’ (సైట్లు మీ బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు అవి) అనేవాళ్ళు కొందరు. ఎవరి చిట్కా వాళ్ళకు పనిచేసింది, అందుకే చెబుతున్నారు. మీకు పనిచెయ్యకపోవడానికి కారణం ఒకటే: మీ భాష ఇదీ అని సైటుకు చెబుతున్నది వాళ్ళ విషయంలో ఒకటి, మీ విషయంలో ఇంకొకటి. అదేమిటో ముందు కనుక్కుంటే ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది తేలిపోతుంది.

మీ భాష గురించి సైటుకు ఎవరు చెబుతున్నారు

ముఖ్యమైన మార్గాలు నాలుగు. మొదటిది మీ బ్రౌజరే. ప్రతి పేజీ అడిగేటప్పుడు అది ‘యాక్సెప్ట్-లాంగ్వేజ్’ అనే ఒక చిన్న వరుసను సైటుకు పంపుతుంది. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు, బ్రౌజర్, సైటు ఎలా మాట్లాడుకోవాలో చెప్పే హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం 1997లో వచ్చింది, అందులోనే ఉంది. ఆ వరుసలో భాషలు, వాటి పక్కన 0 నుంచి 1 లోపు మార్కులు ఉంటాయి. బాబాయి ఫోన్ లాంటిదైతే ‘భారతదేశపు తెలుగు, తర్వాత తెలుగు 0.9, భారతదేశపు ఇంగ్లిష్ 0.8, ఇంగ్లిష్ 0.7’ అన్న తరహాలో పంపుతుంది. అంటే తెలుగు ఉంటే తెలుగివ్వు, లేకపోతే ఇంగ్లిష్ ఇవ్వు అని. సైటు దగ్గర తెలుగు పేజీ ఉంది, ఇచ్చేసింది. ఆ తెలుగు మనిషి రాసిందా, యంత్రం రాసిందా అని అడిగే చోటు ఆ వరుసలో లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రెండోది మీ ఐపీ అడ్రస్. నెట్ కనెక్షన్‌కు ఉండే ఆ అంకెను బట్టి మీరు ఏ దేశంలో ఉన్నారో సైటు దాదాపు సరిగ్గానే పట్టుకుంటుంది. దేశం దాటి రాష్ట్రం, ఊరు దగ్గరికొచ్చేసరికి గురి తప్పుతుంది, మొబైల్ డేటాలో మరీనూ. హైదరాబాద్‌లో కూర్చున్నా సైటు కంటికి ముంబైలోనో చెన్నైలోనో కనిపించవచ్చు. పైగా ఉన్న ఊరికీ తెలిసిన భాషకూ లంకె పెట్టడమే తప్పు. మూడు తరాలుగా బళ్ళారిలో ఉన్న తెలుగు కుటుంబం ఇంట్లో ఏం మాట్లాడుతుందో ఐపీ అడ్రస్ చెప్పలేదు.

మూడోది కుకీ. ఎప్పుడో ఒకసారి మీరో, మీ పిల్లలో ‘హిందీ’ అన్న బటన్ నొక్కి ఉంటారు. అది గుర్తుగా మీ బ్రౌజర్‌లో ఉండిపోయి, ప్రతిసారీ దారి చూపిస్తూ ఉంటుంది. నాలుగోది మీ ఖాతా. లాగిన్ అయ్యాక అందులో దాచిన భాష మిగతా సూచనలను దాదాపు ఎప్పుడూ పక్కకు నెడుతుంది. గూగుల్ ఖాతాలో అయితే మీ వాడకాన్ని చూసి తనంతట తానే భాషలు చేర్చే వెసులుబాటు కూడా ఉంది. ఖాతాలో ‘పర్సనల్ ఇన్ఫో’ కింద ‘లాంగ్వేజ్’ తెరిస్తే మీరు చేర్చని భాష అక్కడ కనబడవచ్చు. తనంతట చేర్చే ఆ మీటను ఆపెయ్యడం మంచిది.

ఐదు నిమిషాల పరీక్ష

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఈ పరీక్ష చెయ్యండి. ఇబ్బంది పెడుతున్న లింకును ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. అందులో పాత కుకీలుండవు, లాగిన్ ఉండదు; బ్రౌజర్ పంపే మొదటి భాష, ఐపీ అడ్రస్ మాత్రం అలాగే ఉంటాయి. అక్కడ సరైన భాషలో తెరుచుకుంటే నేరం కుకీదో ఖాతాదో. అక్కడా అదే భాష వస్తే బ్రౌజర్ భాషల జాబితాలో ఇంగ్లిష్‌ను పైకి జరిపి మళ్ళీ చూడండి. మారితే దోషి దొరికింది. అప్పటికీ మారకపోతే వైఫై నుంచి మొబైల్ డేటాకు మారి చూడండి. లేదా ఇంకో ఊళ్ళో ఉన్నవాళ్ళకు లింకు పంపి వాళ్ళకు ఏ భాషలో వస్తోందో అడగండి. తేడా ఉంటే అది ఐపీ అడ్రస్ పని.

ఒక మెలిక ఉంది. కొన్ని సైట్లు దారి మళ్ళింపును ‘శాశ్వతం’ అని గుర్తు పెట్టి పంపుతాయి. బ్రౌజర్ దాన్ని దాచుకుంటుంది. మీరు సెట్టింగ్ మార్చాక కూడా సైటును అడక్కుండానే పాత దారిలో పోతుంది. సెట్టింగ్ సరిగ్గానే మార్చాను, అయినా ఏమీ కాలేదు అనిపిస్తే ఆ ఒక్క సైటు డేటానూ, బ్రౌజర్ దాచిన ఫైళ్ళనూ తుడిచి చూడండి. బ్రౌజర్‌లో ఉన్న కుకీలన్నీ తుడిచెయ్యనక్కర్లేదు. అలా చేస్తే అన్ని ఖాతాల్లోంచీ బయటపడి, మళ్ళీ ఓటీపీల కోసం కూర్చోవాలి.

చిరునామాలోనే భాషను చెప్పడం

అన్నిటికంటే చిన్న మందు ఇదే. చాలా సైట్లు భాషను చిరునామాలోనే రాస్తాయి. మైక్రోసాఫ్ట్ సహాయ పేజీల్లో మధ్యలో ‘టీఈ-ఐఎన్’ ఉంటే తెలుగు, దాని స్థానంలో ‘ఈఎన్-యూఎస్’ పెడితే ఇంగ్లిష్. గూగుల్ సహాయ పేజీలకు, ప్లే స్టోర్ పేజీలకు చివర ప్రశ్నార్థకం పెట్టి ‘హెచ్ఎల్=ఈఎన్’ అని చేరిస్తే ఇంగ్లిష్‌లో తెరుచుకుంటాయి. (ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చెయ్యాలి, అప్పటికే చిరునామాలో ప్రశ్నార్థకం ఉంటే దాన్ని అలాగే ఉంచి, చివర ఇంకో ప్రశ్నార్థకం బదులు ‘అండ్’ గుర్తు పెట్టాలి.) వికీపీడియాలో చిరునామా మొదట్లో ‘టీఈ’ ఉంటే తెలుగు, ‘ఈఎన్’ ఉంటే ఇంగ్లిష్. 2003 డిసెంబర్‌లో పుట్టిన తెలుగు వికీపీడియా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, ఇంగ్లిష్ వ్యాసం లింకు నొక్కినవాణ్ణి బలవంతంగా తెలుగు వ్యాసానికి లాక్కురాలేదు. పక్కనే తెలుగు లింకు ఉంటుంది, కావాలనుకున్నవాళ్ళు వస్తారు. పద్ధతి అంటే అదీ.

ఈ మార్గానికి ఖర్చు లేదు, ప్రమాదం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ చూసే నాలుగైదు పేజీలకైతే సరైన చిరునామాను బుక్‌మార్క్ చేసుకుంటే సరిపోతుంది. పెద్దవాళ్ళకు లింకు పంపేటప్పుడు కూడా భాష గుర్తున్న చిరునామాయే పంపండి. నేను బాబాయికి మొదటిసారి అలా పంపలేదు, అదే నా పొరపాటు. లోపం ఏమిటంటే, వెతుకుతూ కొత్త కొత్త సైట్లకు పోయేవాళ్ళు ప్రతి చోటా చిరునామా దిద్దుకుంటూ కూర్చోలేరు. కొన్ని మొండి సైట్లు చిరునామాలో భాష స్పష్టంగా ఉన్నా లెక్క చెయ్యవు.

గూగుల్ శోధనకు ఒకప్పుడు ‘ఎన్‌సీఆర్’ అని చివర తగిలించే చిట్కా ఉండేది. దేశం పేరున్న చిరునామాకు మళ్ళించకుండా అది ఆపేది. 2017 అక్టోబర్ నుంచి గూగుల్ చిరునామాను బట్టి కాకుండా మనిషి ఉన్న చోటును బట్టి ఫలితాలివ్వడం మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్‌లో దేశాల చిరునామాలన్నిటినీ డాట్ కామ్‌కే మళ్ళిస్తామని ప్రకటించింది. ఆ చిట్కా ఎవరైనా ఇంకా చెబుతుంటే పక్కన పెట్టండి.

సైటు ఇచ్చిన బటన్

అమెజాన్ 2020 సెప్టెంబర్‌లో, ఫ్లిప్‌కార్ట్ అదే ఏడాది జూన్‌లో తెలుగును తెచ్చాయి. ఇలాంటి చోట్ల భాష మార్చే బటన్ ఉంటుంది. లాగిన్ అయి ఉన్నప్పుడు దాన్ని ఒకసారి మార్చుకుంటే చాలు. లాగిన్ కాకుండా మారిస్తే అది కుకీలోనే ఉంటుంది. బ్రౌజర్ మూసినప్పుడల్లా కుకీలు తుడిచేలా పెట్టుకున్నవాళ్ళకు రేపు మళ్ళీ మొదటికే వస్తుంది. బటన్ కనబడకపోతే పేజీ అట్టడుగుకు పోయి చూడండి. భూగోళం బొమ్మ ఒకటి సాధారణంగా అక్కడే ఉంటుంది. చదవలేని లిపిలో పేజీ తెరుచుకున్నప్పుడు నమ్మదగిన ఆనవాలు ఆ బొమ్మే.

బ్రౌజర్ భాషల జాబితా

నాలుగింట మూడొంతుల ఇబ్బందులు ఇక్కడే తీరతాయని నా అనుభవం. కంప్యూటర్‌లో క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో ‘లాంగ్వేజెస్’, ఫైర్‌ఫాక్స్ అయితే సెట్టింగ్స్‌లో ‘జనరల్’ కింద ‘లాంగ్వేజ్’ దగ్గర పేజీలను ఏ భాషలో చూపాలో అడిగే జాబితా. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో కూడా మూడు చుక్కలు, సెట్టింగ్స్, లాంగ్వేజెస్ అనే దారిలోనే ఉంటుంది. అందులో పైనున్న భాషకే మొదటి మర్యాద.

చాలామంది ఈ జాబితాలో రెండు పొరపాట్లు చేస్తారు. ‘భారతదేశపు ఇంగ్లిష్’ ఒక్కటే పెట్టి కింద హిందీయో తెలుగో ఉంచడం మొదటిది. కొన్ని సైట్లు అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూస్తాయి. వాటి దగ్గర అమెరికా ఇంగ్లిష్ మాత్రమే ఉంటే ‘భారతదేశపు ఇంగ్లిష్ లేదు, తర్వాతిది హిందీ ఉంది కదా’ అని హిందీ ఇచ్చేస్తాయి. 1999 నాటి హెచ్‌టీటీపీ పత్రంలోనే దీనికి హెచ్చరిక ఉంది: బ్రిటిష్ ఇంగ్లిష్ ఎంచుకున్నవాళ్ళు అది లేకపోతే ఏదో ఒక ఇంగ్లిష్ వస్తుందిలే అనుకుంటారు, అందుకే ఉత్త ‘ఇంగ్లిష్’ను కూడా జాబితాలో చేర్చమని సూచించాలి అని. ఇన్నేళ్ళు గడిచినా ఆ మాట అలాగే నిలిచింది. కాబట్టి భారతదేశపు ఇంగ్లిష్, అమెరికా ఇంగ్లిష్, ఇంగ్లిష్ మూడింటినీ వరుసగా పెట్టండి.

రెండో పొరపాటు, విసుగొచ్చి తెలుగును జాబితాలోంచి తీసిపారెయ్యడం. దయచేసి ఆ పని చెయ్యకండి. బ్రౌజర్లు పంపే ఈ వరుసలను చూసి తమ దగ్గరికి ఏ భాషల వాళ్ళు ఎంతమంది వస్తున్నారో సైట్లు లెక్కేసుకోగలవు. తెలుగు చదివేవాళ్ళంతా తెలుగును తీసేస్తే, తెలుగులో పేజీ పెట్టించాలని ఏ కంపెనీలోనో మనవాడు ఒకడు వాదిస్తున్నప్పుడు చూపించడానికి అంకె మిగలదు. ఇంగ్లిష్‌ల కింద తెలుగును ఉంచండి. ఇంగ్లిష్ లేకుండా తెలుగు, హిందీ మాత్రమే ఉన్న సైటుకు పోయినప్పుడు మీకు తెలుగు వస్తుంది. హిందీ చదవనివాళ్ళు హిందీని మాత్రం తీసెయ్యచ్చు, దానివల్ల నష్టం లేదు.

ఐఫోన్, మ్యాక్ వాడేవాళ్ళకు వేరే సంగతి. సఫారీలో ఇలాంటి జాబితా విడిగా లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘జనరల్’, ‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’ దగ్గరున్న వరుసనే అది తీసుకుంటుంది, అందులోనూ మొదటి భాషనే సైట్లకు చెబుతుంది. కాబట్టి రెండో స్థానంలో ఏది పెట్టారన్నది సఫారీలో అంత లెక్కలోకి రాదు. ఆండ్రాయిడ్ 13 నుంచి, అంటే 2022 నుంచి, ఒక్కో యాప్‌కు ఒక్కో భాష పెట్టుకునే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. ఐఫోన్‌లో అంతకుముందే వచ్చింది. ఫోన్ అంతా తెలుగులో ఉంచి బ్రౌజర్‌ను మాత్రం ఇంగ్లిష్‌లో పెట్టుకోవచ్చు. బాబాయి ఫోన్‌లో నేను చేసింది దాదాపు ఇదే: ఫోన్ తెలుగు, క్రోమ్ మెనూలు తెలుగు, లోపలి జాబితాలో మాత్రం పైన ఇంగ్లిష్. ఆయనకు మార్పే తెలియలేదు, అప్పు పేజీ మాత్రం ‘ఇంటరెస్ట్’కు తిరిగొచ్చింది.

ఈ పద్ధతి ఓడిపోయేది ఐపీ అడ్రస్ చూసే సైట్ల దగ్గర. ఎన్నిసార్లు ఇంగ్లిష్ పైకి జరిపినా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నవాళ్ళకు జర్మనే ఇచ్చే సైట్లు ఉన్నాయి.

రెండు ప్రొఫైళ్ళు: నాకు నచ్చిన దారి

తెలుగులో వార్తలు, సాహిత్యం చదివేవాళ్ళు, అదే చేత్తో ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు భాషల వరుసను రోజుకు పదిసార్లు మార్చుకోలేరు. వాళ్ళకు బ్రౌజర్‌లో రెండు ప్రొఫైళ్ళు పెట్టుకోమని చెబుతాను. క్రోమ్‌లో కుడివైపు పైనున్న గుండ్రటి బొమ్మ నొక్కితే కొత్త ప్రొఫైల్ చేసుకోవచ్చు. ఒక్కోదానికి భాషల జాబితా వేరు, కుకీలు వేరు, లాగిన్‌లు వేరు. నేను ఒకదానికి ‘పని’, ఇంకోదానికి ‘ఇల్లు’ అని పేరు పెట్టుకున్నాను. ‘పని’లో పైన ఇంగ్లిష్; ‘ఇల్లు’లో పైన తెలుగు. సాఫ్ట్‌వేర్ పత్రాలు, పన్నుల పేజీలు మొదటిదాంట్లో. అమ్మకు మందుల వివరాలు చదివి వినిపించాలన్నా, పిల్లలకు ఏదైనా చూపించాలన్నా రెండోది.

దీన్ని నేను గట్టిగా సమర్థించడానికి కారణం సౌకర్యం ఒక్కటే కాదు. తెలుగును మొదటి స్థానంలో పెట్టుకుని చూస్తే ఏ సైటు తెలుగు ఎలా ఉందో తెలుస్తుంది. బాగున్నవి ఉన్నాయి. వాడకపోతే అవి బాగున్నాయనీ తెలియదు, బాగాలేనివాటిని దిద్దమని అడిగేవాళ్ళూ ఉండరు. ఇంగ్లిష్ పనికి అడ్డం రాకుండా తెలుగుకు చోటిచ్చే ఏర్పాటు ఇది.

ఫోన్‌లో ప్రొఫైళ్ళ బదులు రెండు బ్రౌజర్లు పెట్టుకోవచ్చు, క్రోమ్ ఒక భాషకు, ఫైర్‌ఫాక్స్ ఇంకో భాషకు. ఇంట్లో ఒకే ఫోన్‌ను ఇద్దరు ముగ్గురు వాడుతుంటే ఇది మరీ హాయి. ‘అమ్మమ్మది ఈ నక్క బొమ్మ’ అని చెబితే గుర్తుపెట్టుకుంటుంది. ఇబ్బంది కొద్దిగా లేకపోలేదు: దాచుకున్న పాస్‌వర్డ్‌లు రెండు చోట్లా ఉండవు, వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే ఫోన్‌కు డిఫాల్ట్‌గా ఉన్న బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

ఎక్స్‌టెన్షన్లు

ఇవి బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. ఒకటి రెండు మొండి సైట్లతో రోజూ పని ఉండి, పైవేవీ పనిచెయ్యకపోతేనే ఇటు రండి. ‘రీడైరెక్టర్’ అనే ఎక్స్‌టెన్షన్‌లో ‘చిరునామాలో ఈ ముక్క కనిపిస్తే దాని స్థానంలో ఆ ముక్క పెట్టి తెరువు’ అని నియమం రాసుకోవచ్చు. హిందీ గుర్తు ఉన్న చోట ఇంగ్లిష్ గుర్తు పెట్టమని చెబితే మీరు చెయ్యాల్సిన దిద్దుబాటు అది చేస్తుంది. నియమం తప్పుగా రాస్తే మాత్రం సైటు అటు, ఎక్స్‌టెన్షన్ ఇటు లాగి పేజీ తెరుచుకోకుండా గిరగిరా తిరుగుతుంది. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్‌లో చిరునామా చివర వేలాడే భాష ముక్కను పీకేసే ‘రిమూవ్‌పారామ్’ నియమం ఉంది. పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తుంది, క్రోమ్‌లో మిగిలింది దాని లైట్ రూపమే. ఫోన్‌లో ఎక్స్‌టెన్షన్లు కావాలంటే ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ మంచి దారి. 2023 డిసెంబర్ నుంచి అందులో చాలావాటికి తలుపులు తెరిచారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘మీరు చూసే అన్ని సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి’ అనుమతి అడుగుతుంది. అది ఉత్త లాంఛనం కాదు, బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి పోయి దాన్ని కొన్ని సైట్లకే పరిమితం చెయ్యచ్చు, తప్పకుండా చెయ్యండి. పేరు తెలియని ‘భాష మార్చేవి’ మాత్రం వద్దు. ఒక పేజీ ఇంగ్లిష్‌లో చదవడం కోసం పాస్‌వర్డ్‌ల గది తాళంచెవి ఎవరికీ ఇవ్వకూడదు.

వీపీఎన్

అందరూ మొదట చెప్పేది, నా వరుసలో చివరన ఉండేది ఇదే. వీపీఎన్ మార్చేది ఐపీ అడ్రస్‌ను మాత్రమే. బ్రౌజర్ వరుస వల్లో ఖాతా వల్లో భాష మారుతుంటే ఎన్ని దేశాలు తిరిగినా అదే భాష వెంట వస్తుంది. పైపెచ్చు దేశం మారగానే ధరలు, అందుబాటులో ఉండే వస్తువులు, చట్టపరమైన పేజీలు కూడా మారతాయి. బ్యాంకు సైటు అనుమానంగా చూస్తుంది. విదేశీ ఐపీలను రానివ్వని ప్రభుత్వ సైట్లూ మన దగ్గర ఉన్నాయి. భారతదేశంలో సేవలందించే వీపీఎన్ సంస్థలు వాడకందారుల వివరాలను కనీసం ఐదేళ్ళు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది; ఆ తర్వాత కొన్ని పెద్ద సంస్థలు ఇక్కడి సర్వర్లనే ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్‌ల సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు, వాటికి డబ్బు ఇంకెక్కడి నుంచో రావాలి కదా.

పైన చెప్పిన పరీక్షలో ఐపీయే కారణమని ఖాయంగా తేలి, సైటులో భాష బటన్ కూడా లేకపోతేనే, ఆ సైటు కోసం ఆ కాసేపు వాడండి.

దారి మళ్ళింపులా కనిపించే వేరే రోగాలు

ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు సైటుతో సంబంధమే ఉండదు. గూగుల్ శోధనలో తెలుగు, తమిళం, కన్నడం, హిందీ వంటి భాషలవాళ్ళకు ఇంగ్లిష్ పేజీల శీర్షికలనే అనువదించి చూపించే ఏర్పాటు ఉంది. అది నొక్కితే పేజీ గూగుల్ అనువాదం గుండా తెరుచుకుంటుంది. చిరునామాలో సైటు పేరు చివర ‘ట్రాన్స్‌లేట్ డాట్ గూగ్’ అని కనబడుతుంది. సైటువాళ్ళకు మీరు తిట్లు రాసి పంపినా వాళ్ళు చెయ్యగలిగింది పెద్దగా లేదు. అక్కడే మూల పేజీ చూపమనే బటన్ ఉంటుంది. శోధన సెట్టింగ్స్‌లో భాష మార్చుకుంటే మొదలంటా పోతుంది. రెండోది క్రోమ్ తనే చేసే అనువాదం. ఇందులో చిరునామా మారదు, తెరుచుకున్న రెండు క్షణాలకు అక్షరాలు మారిపోతాయి. లాంగ్వేజెస్ సెట్టింగ్‌లోనే గూగుల్ ట్రాన్స్‌లేట్ మీట ఉంటుంది, ఆపెయ్యండి.

రెడిట్ అనే చర్చావేదిక పేజీ యంత్రపు హిందీలో వస్తే చిరునామా చివర ‘టీఎల్’ అనే ముక్క ఉందేమో చూసి, దాన్ని చెరిపి ఎంటర్ నొక్కండి. యూట్యూబ్‌లో తెలిసిన మనిషి తెలియని గొంతుతో హిందీలో మాట్లాడుతుంటే అది యంత్రం చేసిన డబ్బింగ్. వీడియోలో పళ్ళచక్రం బొమ్మ నొక్కి ‘ఆడియో ట్రాక్’లో ‘ఒరిజినల్’ ఎంచుకోవాలి.

ఎవరికి ఏది

ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు: ఫోన్ తెలుగులోనే ఉండనివ్వండి, బ్రౌజర్ జాబితా మాత్రం ఎవరైనా కూర్చుని సరిచెయ్యాలి. ఇంగ్లిష్ బొత్తిగా చదవలేనివాళ్ళకైతే తెలుగే పైన ఉండాలి. అనువాదం ఎంత కుంటిదైనా బొత్తిగా తెలియని లిపి కంటే నయం. డబ్బు సంగతుల్లో మాత్రం పక్కన ఒకరు ఉండాలి.

బెంగళూరు, చెన్నైల్లో ఉన్నవాళ్ళకు: ముందు ఖాతాలో, జాబితాలో మీరు చేర్చని భాష ఉందేమో చూసుకోండి. యాప్‌లో భాష ఊరిని బట్టి మారుతుంటే దాని లొకేషన్ అనుమతి తీసేసి చూడండి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు: రెండు ప్రొఫైళ్ళు. కోడ్‌లో ఉండే మాటలు ఇంగ్లిష్, వివరణ యంత్రపు హిందీ అయితే తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికే పూట గడిచిపోతుంది.

యూరప్‌లో ఉన్నవాళ్ళకు ఇంకో ఆయుధం ఉంది. యూరోపియన్ యూనియన్ చేసిన 2018/302 నిబంధన 2018 డిసెంబర్ 3 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం, కొనుగోలుదారు ఏ దేశపు సైటు తెరవాలనుకున్నాడో దాన్నుంచి, అతను ఉండే చోటును చూసి వేరే దేశపు సైటుకు, స్పష్టమైన ఒప్పుదల లేకుండా మళ్ళించకూడదు. ఒప్పుకున్నాక కూడా మొదటి సైటుకు సులువుగా తిరిగి వెళ్ళే వీలుండాలి. సినిమాలు, వీడియోలు చూపించే సేవలు దీని కిందికి రావు. కానీ ఐర్లాండ్ దుకాణం పేజీ తెరిస్తే జర్మన్ దుకాణానికి పోతోందని మా మేనకోడలు ఫిర్యాదు రాసినప్పుడు ఈ నిబంధన అంకె వేసే రాసింది.

మన దగ్గర అలాంటి అంకె వెయ్యలేం కానీ, రాయడం మాత్రం మానకండి. సైట్లు చేసేవాళ్ళకు గూగుల్ ఎప్పటినుంచో ఇచ్చే సలహా కూడా ఇదే: వచ్చినవాళ్ళను భాషను బట్టి తనంతట మళ్ళించవద్దు, వేరే భాషల లింకులు కనబడేలా పెట్టి ఎంచుకోనివ్వండి అని. ఆ మాట గుర్తుచేస్తూ, మీరు నొక్కిన చిరునామా, చివరికి తెరుచుకున్న చిరునామా, బ్రౌజర్ పేరు, భాషల వరుస, ఊరు రాసి స్క్రీన్‌షాట్ జతచేసి పంపండి. అనువాదంలో తప్పు కనిపిస్తే ఆ మాట, దాని పక్కన ఉండాల్సిన మాట కూడా రాయండి. బాబాయి పంపిన ఉత్తరంలో ఉన్నది రెండే వాక్యాలు: ‘మీ తెలుగు పేజీలో ఆసక్తి రేటు అని ఉన్న చోటల్లా వడ్డీ రేటు అని ఉండాలి. ఇంగ్లిష్ పేజీకి పోయే బటన్ పైన పెట్టించగలరు.’